కారు బ్యాటరీ మీద నడిచిన గొంతు

రండి, ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. గోడకు ఆనుకోకండి, సున్నం అంటుతుంది. ఆ చాప లాక్కోండి. నేను చెప్పబోయేది ఒక కారు బ్యాటరీ సంగతి. మాకు కారు లేదు, ఎప్పుడూ లేదు. కారు లేని ఇంటికి కారు బ్యాటరీ ఎందుకు వచ్చిందో, వచ్చి మా ఇంట్లో ఏం చేసిందో అదే చెప్తాను. ఐదో తరగతి మధ్యలో బడి మానేసిన దాన్ని, రాయడం ఇప్పటికీ నెమ్మదే. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

ములుగు దాటి ఏటూరునాగారం వైపు పోయే తోవలో మా ఊరు. మాకున్న రెండెకరాలూ అడవిని ఆనుకునే ఉన్నాయి. ఏటా యాసంగిలో, అంటే చలికాలపు పంటగా, మక్కజొన్న వేస్తాం. కంకి పాలు పోసుకున్న నాటి నుంచి కోత అయ్యేదాకా, అంటే దాదాపు నలభై రోజులు, మా కాపురం చేను దగ్గరే. పిల్లలిద్దరూ హన్మకొండలో హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్లు కాబట్టి ఇంటికి తాళం వేసి వచ్చేవాళ్లం. నాలుగు గుంజలు పాతి, మీద టార్పాలిన్ పరదా కప్పి, కింద వరిగడ్డి పరిచి, మూడు రాళ్ల పొయ్యి పెట్టుకునేవాళ్లం. పట్నం వాళ్లు సెలవులకు డేరాలు వేసుకుని అడవిలో రెండు రోజులు ఉండి వస్తారట. ఎవరో ఫోన్లో ఆ వీడియో చూపించారు. కారు పక్కన డేరా, కారు బ్యాటరీకి తగిలించిన దీపం, కాఫీ కాచే మిషను. నాకు నవ్వొచ్చింది. మేము చేసేదీ అదే కదా, కాకపోతే వాళ్లు సంబురానికి పోతారు, మేము పందుల కోసం పోతాం.

అడవి పంది కంకి తినే తీరు చూస్తే కడుపు మండుతుంది. తిన్నంత తిని పోతే పోనీ అనుకోవచ్చు. అది చెట్టును మెడతో వంచి విరిచి, కంకిని సగం కొరికి పారేసి ఇంకో చెట్టు మీద పడుతుంది. ఒక్క మంద దూరిందంటే తెల్లారేసరికి చేను చాప పరిచినట్టు పడుకుంటుంది. చేను చుట్టూ కరెంటు తీగలు పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. ఆ తీగలకు మనుషులు కూడా పోయారు. మా ఆయన దానికి ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఆయనకు గొంతు ఉంది, అది చాలు అనేవాడు.

నిజంగానే పెద్ద గొంతు. మా ఊరి చర్చిలో ఆదివారం పాట ఎత్తుకునేది ఆయనే. పాస్టరుగారు పుస్తకం తెరిచి ఆయన దిక్కు చూసేవారు. ఆయన లేచి మొదటి వరుస అందుకుంటే వెనక కూర్చున్న ముసలమ్మలు కూడా నిద్ర లేచి పాడేవాళ్లు. అదే గొంతు చేను దగ్గర పందుల మీద పనిచేసేది.

మా వైపు చేను కావలిలో ఒక పద్ధతి ఉంది. ఒక చేనులో కేక వేస్తే పక్క చేను వాళ్లు అందుకోవాలి. వాళ్ల కేకను ఆ పక్కవాళ్లు అందుకోవాలి. అట్లా కేక అడవి అంచు పొడుగునా పోయి మళ్లీ వెనక్కి వస్తుంది. పందికి ఎటు చూసినా మనిషే ఉన్నాడనిపిస్తుంది. కేక అందుకోకపోతే తప్పు. పొద్దున వచ్చి అడుగుతారు, జ్వరమా, అలిగిన్రా అని. మా పక్క చేను ఒక ఒంటరి ఆడమనిషిది. భర్త పోయాక తనే సేద్యం చేసుకునేది. మా ఆయనను అన్నా అని పిలిచేది కాబట్టి నాకు ఆడబిడ్డ వరుస. ఆ వరుసను ఒక్క రోజు కూడా ఊరికే పోనిచ్చేది కాదు. నన్ను ఏదో ఒకటి అనందే ఆమెకు తెల్లారేది కాదు.

ఆ యేడు క్రిస్మస్‌కు ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడుతున్నప్పుడు ఆయన గొంతు గీరుకుపోయింది. చలి, మంచు, నాలుగు రాత్రుల పాట. అదేమీ కొత్త కాదు. జనవరి దాటినా అట్లాగే ఉంది. మాట వెనక ఇసుక రాలుతున్నట్టు ఉండేది. ఊళ్లో మందులిచ్చే డాక్టరు రెండుసార్లు గోలీలు ఇచ్చాడు. చూసినవాళ్లందరూ ఒకటే మాట.

"ఇన్నేండ్లు పందుల మీద ఒర్రి ఒర్రి గొంతు అరిగిపోయింది. జర రెస్ట్ ఇయ్యి. మాట్లాడకుంట ఉంటే అదే వస్తది."

మేమూ అదే నమ్మాం. నమ్మడానికి బాగుంది కూడా. కాలు బెణికితే నడవొద్దంటారు, గొంతు చెడితే మాట్లాడొద్దంటారు, అందులో అనుమానించేది ఏముంది? నేను మిరియాల పాలు, తేనె, అల్లం రసం, నాకు తెలిసినవన్నీ చేశాను. మిగిలిన ఫికరు ఒక్కటే. కంకులు పాలు పోసుకుంటున్నాయి, ఈసారి చేను దగ్గర కేక ఎవరు వేస్తారు?

అప్పుడు మా తమ్ముడు వచ్చాడు. వాడు హన్మకొండ సుబేదారిలో ఒక కార్ల రిపేరు షెడ్డులో పనిచేస్తాడు. వాడి స్కూటరు మీద ముందు ఒక పాత కారు బ్యాటరీ, వెనక గోనె సంచిలో బాకా ఉన్న ఒక మైకు ఉన్నాయి. ఎవరో కారుకు కొత్త బ్యాటరీ వేయించుకుని పాతది వదిలేసి పోయారట. ఇంకా పనికి వస్తుందని వాడు మా కోసం తీసి పెట్టాడు.

"బావా, ఈ మైకుల రికార్డు బటన్ ఉంది. నువ్వు ఒక్కసారి ఒర్రు. ఇగ అదే తిరిగి తిరిగి ఒర్రుతది. నువ్వు సప్పుడు జేయక పండుకో," అన్నాడు.

మా ఆయన గుసగుసగా, "పందులు నన్ను గుర్తుపడ్తయారా మైకుల?" అన్నాడు.

"నిన్ను గుర్తువట్టకపోతే అక్కను ఒర్రుమందాం. అప్పుడు ఊరు సుత ఖాళీ అయితది."

నన్ను ఎక్కిరించడానికి అందరూ తయారే. ఆ తర్వాత వాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పాఠం చెప్పాడు. బడిలో ఏ పాఠమూ నాకు అంత బాగా గుర్తు లేదు.

"అక్కా, ఎర్ర క్లిప్పు ఎర్ర ముక్కుకు, నల్లది నల్లదానికి. తారుమారు చేసినవంటే మైకు మాడిపోతది. రెండు క్లిప్పులు ఒకదానికొకటి ముట్టియ్యకు, మెరుపులు లేస్తయి. తీసేటప్పుడు నల్లది ముందు తియ్యి. పొయ్యి దగ్గర పెట్టకు, దీని లోపలికెల్లి గాలి వస్తది, అంటుకుంటది."

"గింత పెద్దగుంది, అన్నీ నడుస్తయారా?"

"గదే చెప్తాన. కారు బ్యాటరీ ఎసొంటిదంటే, ఇంజన్ లేపెటందుకు ఒక్క దెబ్బ కొడ్తది. కారు నడుస్తాంటే మల్ల నింపుకుంటది. మీరేమో కూసుండబెట్టి రోజంత కొంచెం కొంచెం పీకుతరు. దానికి అది అలవాటు లేదు. ఇగో, ఈ చిన్న మీటరు చూడు. పన్నెండున్నర దాటి ఉన్నదా, నిండుగున్నట్టు. పన్నెండుకు దిగిందా, అన్నీ బంద్ వెట్టు. ఇంకా పీకినవనుకో, సచ్చిపోతది. మల్ల నింపినా నిండది."

పన్నెండున్నర, పన్నెండు. నేను వేళ్ల మీద లెక్క పెట్టుకుని గుర్తు పెట్టుకున్నాను.

చేను దగ్గర దాని మీద ఒక తెల్ల బల్బు వెలిగేది. అది ఎంత వెలిగినా మీటరు కదిలేదే కాదు. రెండు ఫోన్లు నిండేవి. కార్లలో డ్రైవరు ముందు పెట్టుకునే గుప్పెడంత ఫ్యాను ఒకటి తమ్ముడే ఇచ్చాడు, అదీ తిరిగేది. ఇవన్నీ చూసి నాకు ఆశ పుట్టింది. వాడు ఇచ్చిన సామాన్లలో బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటు చేసే చిన్న డబ్బా కూడా ఉంది కదా అని, ఇంటి నుంచి మిక్సీ తెచ్చి టమాట పచ్చడి వేద్దామనుకున్నాను. మిక్సీ ఒక్కసారి గుర్రుమంది, డబ్బా కీచుమని మొత్తుకుంది, బల్బు ఆరిపోయింది. నేను భయపడి చేతులు వెనక్కి తీసుకున్నాను. మా ఆయన అప్పటికే మాటలు మానేశాడు. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. అంత నవ్వు నవ్వి, నూరే రాయి తెచ్చి నా ముందు పెట్టాడు.

మైకులో ఆయన కేక పట్టింది చేనుకు వచ్చిన మొదటి రోజు, పొద్దున పది గంటలప్పుడు. ఆయన గోరువెచ్చని నీళ్లు పుక్కిలించి, గట్టు మీద నిలబడ్డాడు. నేను బటన్ నొక్కాను. "హోయ్... హోహోయ్... దా... హోయ్" అని నాలుగుసార్లు వేశాడు. ఆ నాలుగింటికీ ఆయన ముఖం ఎట్లా ఎర్రబడిందో, మెడ మీద నరం ఎట్లా లేచిందో ఇప్పటికీ కనబడుతుంది. గొంతు మాత్రం ఆ ఒక్కసారికి వచ్చింది. పాత గొంతే అనిపించింది. అయిపోగానే కిందికి వంగి దగ్గి, నా దిక్కు తిరిగి, "ఆగిందా? ఇగ జర చాయ్ పెట్టు, గొంతు మండుతాంది," అన్నాడు.

ఆగలేదు. నేను బటన్ వదలలేదు. ఆ మాట కూడా అందులో పడిపోయింది. మళ్లీ పట్టిద్దామంటే ఆయన మెడ పట్టుకుని చేయి అడ్డంగా ఊపాడు. సరే, పందులకు తెలుగు వస్తుందా ఏంది అని అట్లాగే ఉంచేశాం. చీకటి పడ్డాక మైకు పెడితే నాలుగు కేకలు, ఆ వెనకే చాయ్ పెట్టు, మళ్లీ నాలుగు కేకలు. పక్క చేనామె మైకు అని తెలియక మొదటి రోజు ప్రతి కేకనూ అందుకుందట. పొద్దున గొంతు బొంగురు పోయి వచ్చింది.

"ఏం వదినె, మా అన్న రాత్రంత అడుగుతనే ఉన్నడు. గింత చాయ్ పెట్టుటానికి నీకు చేతులు రాలే?"

"పెట్టిన. పందులు తాగినయి."

"అందుకేనా, నా చేన్లకు ఒక్కటి రాలే. నీ చాయ్ తాగి అక్కడ్నే పడ్డయి కావచ్చు."

ఆ నలభై రోజులూ మేము సంతోషంగా ఉన్నాం. ఈ మాట రాయడానికి నా చేయి రావడం లేదు, కానీ అబద్ధం రాయలేను. పంట చెక్కు చెదరలేదు. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు, పాస్టరుగారు చెప్పిన ఉపవాసం కంటే గట్టిగా పట్టాడు. చేతులతోనే అన్నీ చెప్పేవాడు. మూడు రోజులకొకసారి బ్యాటరీని మోటారు సైకిలు మీద ఊళ్లోకి తీసుకుపోయి ఇంట్లో నింపుకొచ్చేవాడు. ఒక రోజు నేను తలకు నూనె పెడుతుంటే మెడ పక్కన చిక్కుడు గింజంత గట్టిగా తగిలింది. ఇదేందయ్యా అంటే చేయి ఊపాడు, ఏం లేదన్నట్టు. నేనూ, అన్నేళ్ల కేకలకు లేచిన నరం కావచ్చులే అనుకున్నాను. నూనె ఇంకొంచెం పెట్టి రుద్దాను.

కోత అయింది. ఈస్టర్ ఆదివారం వచ్చింది. ఆ రోజు ఆయన గొంతు విప్పాలని ముందే అనుకున్నాం. తెల్ల చొక్కా వేసుకున్నాడు. పాస్టరుగారు పుస్తకం తెరిచి ఆయన దిక్కు చూశారు. మగవాళ్ల వైపు ఆయన లేచాడు, ఆడవాళ్ల వైపు నుంచి నేను చూస్తున్నాను. నోరు తెరిచాడు. గాలి వచ్చింది. మళ్లీ తెరిచాడు, సైకిలు ట్యూబులోంచి పోయినట్టు గాలే వచ్చింది. చివరికి పాస్టరుగారే ఎత్తుకున్నారు. ఆయన నిలబడే ఉన్నాడు, పాట అయ్యేదాకా కూర్చోలేదు.

మర్నాడే వరంగల్ పోయాం. గొంతు డాక్టరమ్మ ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి చూసింది. చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.

"ఎప్పటి నుంచి గొంతు ఇట్లా ఉందమ్మా?"

"క్రిస్మస్ నుంచి మేడం."

"నిన్న ఈస్టర్ అయింది కదా. ఇన్ని రోజులు ఏం చేశారు?"

"గొంతుకు రెస్ట్ ఇచ్చినం మేడం," అన్నాను. ఆమెకు అర్థం కాలేదేమోనని ఇంకా చెప్పాను. "ఆయన ఒర్రకుండ బ్యాటరీ పెట్టినం. మైకు పెట్టినం. నలభై రోజులు ఒక్క మాట మాట్లాడలే."

నేను ఆ మాట కొంచెం గొప్పగానే చెప్పాను. బాగా చేశారు అంటుందనుకున్నాను. ఆమె కలం పట్టుకుని ఉంది కానీ రాయలేదు. "మొదట్లోనే వచ్చి ఉంటే కరెంటు పెట్టి తగ్గించేవాళ్లమేమో. ఇప్పుడు ఆపరేషన్ తప్పదు, హైదరాబాద్ పోండి," అని కాగితం ఇచ్చింది. కరెంటు పెట్టడమంటే క్యాన్సరుకు చేసే వైద్యమని తెలియక, నాకు మా బ్యాటరీయే గుర్తొచ్చింది. అంత అమాయకంగా ఉన్నాను ఆ గడియలో.

హైదరాబాద్ పెద్ద దవాఖానలో ఉన్న రోజుల సంగతి చెప్పను. గొంతులో మాట పుట్టే పెట్టెను తీసేశారు. మెడ ముందు రంధ్రం పెట్టారు, ఊపిరి అందులోంచే. దాని మీద ఎప్పుడూ తడి గుడ్డ ఉండాలి, దుమ్ము పోకూడదు. ఎడమ భుజం పైకి లేవడం మానేసింది. మనిషి మాత్రం మిగిలాడు. దేవునికి స్తోత్రం అని అందరూ అన్నారు, నేనూ అన్నాను. కానీ కళ్లు మూసుకుంటే ఆ నలభై రోజులే కనబడేవి. ఆయన నా ముందు కూర్చుని మౌనంగా అన్నం తింటున్నాడు, నేను రోగం తగ్గుతోందని చూసి మురిసిపోతున్నాను.

మరుసటి ఏడు మళ్లీ మక్క వేశాం. ఇంకేం చేస్తాం? కంకులొచ్చాయి. ఆయన వద్దంటున్నా వినకుండా చేను దగ్గరికి వచ్చాడు. మెడలో గుడ్డ, చంకలో ఒక పలక. ఆయన పది దాకా చదివినవాడు, చెప్పాల్సింది పలక మీద రాసేవాడు. నేను కూడబలుక్కుని చదివేదాన్ని. దూరంగా ఉంటే రెండు చేతులూ కలిపి చప్పట్లు కొట్టి పిలిచేవాడు. ఈసారి బ్యాటరీని నేనే మోశాను. చుట్టబట్ట వేసి నెత్తిన పెట్టుకుని ఊళ్లోకి పోయి నింపుకొచ్చేదాన్ని. రెండో రోజుకే లోపలి పుల్లనీళ్లు, అదే యాసిడ్, చింది చుట్టబట్ట అంతా తూట్లు పడింది.

మొదటి రోజు పొద్దుగూకే వేళ, ఏమీ ఆలోచించకుండా, ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి పెట్టి బటన్ నొక్కాను.

"హోయ్... హోహోయ్..."

ఆయన పరదాకు తాడు కడుతున్నాడు. తాడు వదిలేశాడు. అది గాలికి పటపట కొట్టుకుంటోంది. పక్క చేను నుంచి కేక అందుకోలేదు ఎవరూ. కాసేపటికి ఆమే గట్టు మీద పరుగెత్తుకుంటూ వచ్చింది. కాలికి చెప్పులు లేవు.

"వదినె, అన్నకు గొంతొచ్చిందా?"

నేను మైకు చూపించాను. ఆమె అక్కడే కూర్చుండిపోయింది. ఆ వట్టి కాళ్లతోనే లేచి గట్టు దాటి పోయింది. ఆ వెనకే మైకు చాయ్ పెట్టమంది.

ఆయన ఆపమనలేదు. పందులు రావొద్దు కదా. రోజూ చీకటి పడే ముందు నేను మైకు పెట్టగానే ఆయన పలక తీసుకుని చేను ఆ కొసకు పోయి కూర్చునేవాడు. నేను అది చూశాను. చూసి కూడా నాకు అర్థం కాలేదు, లేదా అర్థం చేసుకోలేదు. ఎందుకంటే అప్పటికి నాకు వేరే పిచ్చి పట్టింది. పగలు ఆయన చేను లోపలికి పోయినప్పుడు నేను మైకును మెల్లగా పెట్టుకుని దాని ముందు కూర్చునేదాన్ని. కేకల కోసం కాదు. ఆ చివరి మాట కోసం. ఆ ఒక్క మాట నాతో అన్నది. మిగతావన్నీ పందులతో అన్నవి. ఒకసారి విని ఆపుదామనుకునేదాన్ని, ఇంకొకసారి అనుకునేదాన్ని. సాయంత్రానికి మీటరు పన్నెండు మీద ఉండేది, ఒక్కోసారి పన్నెండు కూడా దిగేది.

ఆయన మీటరు చూసి పలక మీద రాశాడు, బ్యాటరీ ఖరాబైంది అని. నేను కావచ్చు అన్నాను. తమ్ముడు ఒక ఆదివారం వచ్చి పరీక్ష చేశాడు.

"దీనికేం రోగం లేదు బావా. పగటీలి ఏం నడుపుతాన్లు దీని మీద?"

ఆయన నా దిక్కు చూశాడు. నేను పొయ్యి ఊదుతూ కూర్చున్నాను.

దాని తర్వాత మూడో రోజు. మధ్యాహ్నం అన్నాలయ్యాయి. ఆయన గడ్డి పీకడానికి చేను నడుమకు పోయాడు. మక్క పూత దుమ్ము ఎండకు గాలిలో లేస్తోంది. గుడ్డ తడిపి కట్టుకోమని చెప్పి, ఆయన అటు పోగానే నేను మైకు పెట్టుకున్నాను. ఎన్నిసార్లు తిరిగిందో తెలియదు. కళ్లు మూసుకుని ఉన్నాను. ఎక్కడో టప్, టప్ అని వినబడినట్టు గుర్తు. వడ్రంగి పిట్ట అనుకున్నాను.

కళ్లు తెరిచేసరికి ఆయన నా ముందు నిలబడి ఉన్నాడు. మోకాళ్లకు మట్టి ఉంది, పాకుతూ వచ్చినట్టు. మెడ గుడ్డ చేతిలో ఉంది, దాని మీద తెమడ, రక్తం చారలు. రంధ్రంలో తెమడ దుమ్ముతో గడ్డ కట్టి ఊపిరి ఆడలేదు. చప్పట్లు కొట్టాడట. కొట్టీ కొట్టీ, నేను రాకపోతే, చేనులో బోర్లా పడి తనే దగ్గి దగ్గి బయటికి తెచ్చుకున్నాడు. మైకులో ఆయన గొంతు మాత్రం నిండుగా, హాయిగా చాయ్ అడుగుతోంది.

ఆయన కోపం చేయలేదు. ఒంటి చేత్తో నల్ల క్లిప్పు తీశాడు, తర్వాత ఎర్రది తీశాడు. నా ఎదురుగా కూర్చుని ఊపిరి అందేదాకా ఆగాడు. పలక తీసుకుని రాశాడు. అక్షరాలు పక్కకు పోయాయి. నేను కూడబలుక్కున్నాను.

"నేను ఈడ్నే ఉన్న."

అంతే రాశాడు. నాకు ఏడుపు రాలేదు, సిగ్గు వచ్చింది. మొగుడు చేనులో ఊపిరాడక పడి ఉంటే పెళ్లాం ఆయన గొంతు వింటూ కూర్చుంది. ఈ మాట ఎవరితో చెప్పుకుంటాను? మీతో చెప్తున్నాను.

గుడ్డ ఉతికి తడిపి కట్టాను. ముఖం కడిగాను. పొయ్యి ముట్టించబోతే వద్దని చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఎంతసేపు కూర్చున్నామో. పొద్దు వాలుతుంటే నేనే లేచి క్లిప్పులు పెట్టి మైకు ముందు నిలబడ్డాను. ఆ మైకులో ఒక్క కేకకే చోటు. కొత్తది పడితే పాతది పోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నేను బటన్ మీద వేలు పెట్టగానే ఆయన గబగబా పలక అందుకున్నాడు.

"ఉండనియ్," అని రాశాడు.

"ఉంటే నేను ఇనుకుంటనే కూసుంట," అన్నాను. "నువ్వు సప్పట్లు కొడ్తే నాకు ఇనవడాలె."

బటన్ నొక్కాను. పుట్టి బుద్ధెరిగినాక నేను అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. మా ఇంట్లో ఆడపిల్లను అరవనివ్వలేదు, అత్తగారింట్లో అవసరం రాలేదు. మొదటి కేక సగంలో విరిగింది. రెండోది కొంచెం లేచింది. అప్పుడు ఆయన అన్నం పళ్లెం తీసుకుని గరిటెతో కొట్టడం మొదలుపెట్టాడు. నేను అరుస్తున్నాను, ఆయన కొడుతున్నాడు. ఇద్దరమూ అయ్యేదాకా ఒకరి ముఖం ఒకరం చూడలేదు. ఈసారి అయిపోగానే వేలు తీసేశాను, ఒక్క మాట కూడా ఎక్కువ పడలేదు.

చీకటి పడుతుండగా మైకు పెట్టాం. కాసేపటికి పక్క చేను నుంచి ఆమె కేక అందుకుంది. పొద్దున వచ్చి, "వదినె, పందులు భయపడుడు సంగతి దేవునికెరుక. నవ్వి నవ్వి సచ్చేటట్టున్నయి," అంది. అంటూనే నా కొంగు అందుకుని తన కళ్లు తుడుచుకుంది.

నా కేకకు పందులు మూడు వారాలే భయపడ్డాయి. తర్వాత నాలుగైదు సాళ్లు తినిపోయాయి. బ్యాటరీ కూడా ఆ ఏడే పోయింది. రాత్రంతా నింపినా పొద్దున క్లిప్పు పెట్టగానే పన్నెండు కిందికి దిగేది. దాన్ని నేనే చంపాను, వద్దన్న చోటు దాకా పీకి. తమ్ముడు వచ్చి తీసుకుపోతూ మైకు సంగతి అడిగాడు. చెప్పాను. వాడు స్కూటరు దిగి నిలబడ్డాడు.

"అక్కా, నాకు ఒక్క మాట చెప్తే ఫోన్ల ఎక్కిచ్చి పెట్టేటోన్ని కద. రెండు నిమిషాల పని."

అట్లా పెట్టుకోవచ్చని నాకు తెలియదు. ఆయనకూ తట్టలేదు. చర్చిలో కూడా ఆయన పాట ఎవరూ పట్టుకోలేదు, రోజూ వినేది ఎవరు దాచుకుంటారు? ఆయన అన్న మాటలన్నీ నేను చెప్పగలను, పెళ్లిచూపుల నాటి మాటతో సహా. ఆ మాటల వెనక గొంతు మాత్రం నా చెవిలో పోయిన ఏడాదితో ఆగిపోయింది. ఎంత తలుచుకున్నా నా గొంతే వినబడుతోంది.

ఇప్పుడు చేను కౌలుకు ఇచ్చాం. మూడు నెలలకొకసారి హైదరాబాద్ పోయి చూపించుకొస్తాం. మొన్న పోయినప్పుడు డాక్టర్లు ఇంకో పరీక్ష చేయించారు, దాని రిపోర్టు కాగితం ఇంకా రాలేదు. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేను ఇక్కడ రాసుకుంటూ మధ్యమధ్యలో తల ఎత్తి చూస్తున్నాను. వినడం కంటే చూడటమే నాకు అలవాటైంది.

మీరు ఇంతసేపు కూర్చుని విన్నారు. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ గిన్నెలో అన్నం, మీ కుండలో నీళ్లు నిండుగా ఉండాలి. మీ ఇంట్లో ఎవరి గొంతైనా మూడు వారాలు దాటి గీరగా ఉంటే రెస్ట్ అని కూర్చోకండి, చెయ్యి పట్టుకుని దవాఖానకు తీసుకుపోండి. మీ గడపలో ఒకరు పిలిస్తే ఇంకొకరు పలికేటట్టు, పిలిచిన ప్రతిసారీ పలికేటట్టు, దేవుడు మిమ్మల్ని కాపాడాలి.